కాళ్ల కింద మందు

నాటక బృందంలో దాగిన గూఢచారి టీటా శవం నటుల దుస్తుల గదిలో దొరికింది. వెన్నులో బాకు దిగి ఉంది. ముఖానికి వేసుకున్న రంగు ఇంకా ఆరలేదు.

వెనిస్ గూఢచారి విభాగం కార్యదర్శి గాస్పారో అప్పటికప్పుడు మరో గూఢచారి జోర్జిని పిలిపించాడు. పరాయి రాజ్యం దగ్గర కూలి పుచ్చుకునే ముఠా ఒకటి ఆ హాస్యనాటకంలో మాటల్లో మాటలు దాచి కబుర్లు పంపుతోందని చెప్పాడు. మధ్యాహ్నం ఆటకి నగరాధిపతి డోజ్ వస్తున్నారు.

"టీటా వేషం నువ్వు కట్టు. డోజ్ ప్రాణానికి నీదే పూచీ."

ముఠా లోపల జోర్జికి ఒక మనిషి ఉంది. నాటకంలో నాయిక ఓర్సోలా. సగం వెనిస్ ఆమె కోసం పడిచస్తుంది. కార్నివాల్ పండగ మొదలైనప్పటి నుంచి ముఠా గుట్టు అతనికి చేరవేస్తోంది. గుట్టుతోపాటు మనసూ ఇచ్చిందని అతని నమ్మకం. ముఠా ఆయుధాల సరుకంతా కాలువ అవతలి గోదాములో ఉందని ఆ ఉదయమే చెప్పింది. అతను భటులందరినీ అక్కడికి పంపేశాడు.

ఆట మొదలైంది. జోర్జిది నౌకరు వేషం. తోలు మాస్కు పొడుగు ముక్కులో సన్నని కత్తి. మంచం దిగని ముసలి పిసినారిని దొంగ వైద్యుడు పరీక్షించే ఘట్టం వచ్చింది.

"ఈ ముసలాడికి మందు ఎక్కడ వెయ్యమంటావే పిల్లా?"

రోజూ ఓర్సోలా జవాబు "నాలుక మీద". ఇవాళ మాట మార్చింది.

"కాళ్ల కింద వెయ్యండయ్యా. అమాంతం పైకి లేస్తాడు."

జనం విరగబడి నవ్వారు. ఎదురుగా ఎత్తైన చెక్కవేదిక మీద డోజ్ కూడా నవ్వారు. అలవాటు కొద్దీ జోర్జీ నవ్వబోయాడు. అంతలో చూపు డోజ్ కాళ్ల కిందికి పోయింది.

అది వైద్యుడి మందు కాదు. తుపాకి మందు. ముసలాడు మంచం మీదివాడు కాదు, వేదిక మీదివాడు.

నల్ల అంగీవాడొకడు లేచి డోజ్ వేదిక కిందికి దూరాడు. ఓర్సోలా అప్పటికే తెర వెనక్కి వెళ్లిపోయింది.

జోర్జి రంగస్థలం మీంచి దూకాడు. ఇదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. వేదిక కింద పీపాలు, చిటపటమంటూ పాకుతున్న నిప్పు. అంగీవాణ్ణి కూలదోసి, మాస్కులోంచి కత్తి లాగి, నిప్పు చేతిని కాలుస్తుండగా పీపాకి జానెడు దూరంలో వత్తి తెగకోశాడు.

పైన డోజ్ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

దుస్తుల గదిలో ఓర్సోలా ప్రయాణపు దుప్పటి కప్పుకుంటుండగా జోర్జి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఖాళీ గోదాము చూసి తిరిగొచ్చిన భటులు అతని వెనకే ఉన్నారు.

"టీటాని పట్టిచ్చింది నువ్వేనా?"

"అందరూ నవ్విన చోట వాడు నవ్వలేదు," అంది ఆమె. "లోపలి అర్థం పట్టేశాడని అప్పుడే తెలిసింది."

"మరి నన్నెందుకు వదిలేశావు?"

"నువ్వు నేనేమన్నా నవ్వేవాడివి కదా, జోర్జీ."

అతను పక్కకి తప్పుకుని భటులకి దారి ఇచ్చాడు. కాలిన చెయ్యి అప్పుడు మండడం మొదలైంది.

మర్నాడు డోజ్ గారి అభిప్రాయం కార్యదర్శి ద్వారా అందింది. నాటకం అద్భుతమట. ఆ నౌకరు వేషగాడు మాత్రం మధ్యలో పారిపోయి రసభంగం చేశాడట. ఇంకెప్పుడూ వాణ్ణి రంగస్థలం ఎక్కనివ్వొద్దన్నారట.