చుక్క లేని చేపలు

ఆ ఉదయం కూడా నాన్న కూతురికంటే గంట ముందే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. సముద్రపు చేపలను పెంచి పరిశోధించే ల్యాబ్‌లో తొట్ల బాధ్యత ఆయనది. ఇరవై ఆరేళ్లుగా ఉప్పునీళ్లలో నానిన చేతులవి. ప్రొఫెసర్లు మారారు, పంపులు మారాయి, అందరూ "నీళ్ల మాస్టారు" అని పిలిచే ఆ మనిషి మాత్రం మారలేదు. కూతురు అదే ల్యాబ్‌లో పరిశోధనకు చేరిన రోజు ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆమె పని చెప్పడానికి తేలిక, చేయబోతే తలప్రాణం తోకకొస్తుంది. ఉప్పు సగానికి తగ్గించిన నీళ్లలో సముద్రపు చేప బతుకుతుందా, లేదా? నలభై పిల్లచేపలకు కన్ను వెనక చర్మం కింద సూదితో ఎర్రరంగు చుక్క పెట్టి, నాలుగో తొట్టెలో వదిలింది. నీళ్లలోంచి తీయకుండా రోజూ పైనుంచే లెక్కపెడుతూ వచ్చింది. ఏడాది గడిచింది. నలభైకి నలభై బతికాయి. ఇలాంటి ఫలితం తానెక్కడా చూడలేదని ఆమె పరిశోధనకు గైడ్ అయిన మేడమ్ అంతటావిడే అంది. ఇక చివరి తూకం వేసి, థీసిస్ అప్పజెప్పడమే మిగిలింది.

ఆ తూకంలోనే గుట్టు రట్టయింది. వలలోకి తీసిన చేపకు చుక్క లేదు. రంగు కరిగిందేమోననుకుని మిగతావీ చూసింది. మొత్తం ఏడింటికి లేదు. దీపం కింద పెట్టి చూసినా సూది మచ్చ కనిపించలేదు. అవి తన చేపలు కావు. పక్కనే ఐదో తొట్టెలో మామూలు సముద్రపు నీళ్లలో ఆ ఈడు చేపలు బోలెడున్నాయి. ఆ గదికి తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గర, రెండోది నాన్న దగ్గర.

ఆయన పంపుల గదిలో వడపోత గుడ్డలు ఉతుకుతున్నాడు.

"నాన్నా, నా తొట్టెలో చేపలు చచ్చిపోయాయా?"

ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "ఏడు పోయాయమ్మా. నువ్వొచ్చేలోపు తీసేసి, పక్కవి వేశాను."

ల్యాబ్ ముందు హాల్లో, చూడవచ్చేవాళ్ల కోసం అద్దాల తొట్లున్నాయి. చచ్చిన చేప ఎవరి కంటా పడకూడదని, పొద్దున్నే మార్చెయ్యాలని ఉద్యోగంలో చేరిన రోజే ఆయనకు చెప్పారు. ఆ అలవాటే ఇక్కడా చేతికొచ్చింది. మొదటి చేప పోవడానికి ముందురోజే కూతురు మేడమ్‌తో చీవాట్లు తిని, తిండి మానేసి పడుకుంది. ఈ ఒక్కసారికి అనుకున్నాడట. రెండోసారీ అదే అనుకున్నాడట.

"ఎన్ని పోయాయి, ఎప్పుడు పోయాయి, అదే కదా నాన్నా నా చదువంతా. దాన్నే దాచేశావు."

"నువ్వేడిస్తే చూడలేనమ్మా. చిన్నప్పుడు ఇంట్లో గాజుపాత్రలో చేప కూడా..." నాలుక కరుచుకున్నాడు.

తొమ్మిదేళ్లు బతికిందని ఆమె నమ్మిన చేప అది. దాన్ని చూసే ఈ చదువు మీద మనసుపడింది.

"అవి ఎన్ని?"

"నాలుగు."

"అమ్మకి తెలుసా?"

తలూపాడు.

బయటివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ప్రాణం పెట్టి పెంచినవాడే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆమెకు దుఃఖం, కోపం ఒక్కసారే పొంగాయి. "ఇక నీ మాట ఏది నమ్మాలి నాన్నా?" అని వచ్చేసింది.

మేడమ్ గది ముందు నిలబడింది కానీ తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. చెబితే నాన్న మళ్లీ ఆ తొట్ల గది గడప తొక్కలేడు. చెప్పకపోతే థీసిస్ అంతా అబద్ధం. ఎటూ తేల్చుకోలేక ఉండగానే ఆయన తడిచేతులతో తొట్ల రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ఏడు తేదీల దగ్గర "ఒకటి చనిపోయింది, నేను దాచాను" అని రాసి సంతకాలు పెట్టాడు. తేదీలన్నీ ఆయనకు కంఠతా ఉన్నాయి. కూతుర్ని పక్కకు జరిపి, తనే ముందు లోపలికి వెళ్లాడు.

ఫలితం చెల్లదని, మొదటినుంచీ మళ్లీ చేయాలని మేడమ్ తేల్చేసింది. నాన్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన్ని లైబ్రరీ భవనంలో పైపులు చూసే పనికి మార్చారు.

ఇంట్లో తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. పక్కపక్కనే కూర్చుని, ఒకరి కబురు ఒకరికి అమ్మ చేత చెప్పించుకునేవారు. అమ్మకు పడవలసిన చీవాట్లు అమ్మకూ పడ్డాయి. కూతురు కొత్తగా నలభై చేపలకు చుక్కలు పెట్టి, నీళ్లలో వదిలింది.

ఇరవయ్యో రోజు పొద్దున్న వెళ్లేసరికి ఒకటి వెల్లకిలా తేలి ఉంది. దాన్ని తీసి, తూచి, రిజిస్టరులో రాసింది. పెన్ను మూసేసరికి అక్షరాలు కనిపించడం మానేశాయి. ఫోన్ తీసింది.

"నాన్నా, ఒకటి పోయింది."

"రాశావా?"

"రాశాను."

"ఏడుపొస్తోందా?"

"వస్తోంది."

ఆయన ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోవడం ఆమెకు తెలిసింది.

"రానీ తల్లీ," అన్నాడు. "నేను ఫోన్ పెట్టనులే."