పంపు గదిలో డ్యూటీ

చెట్టు కొమ్మతో కొవ్వొత్తి స్టాండు చేయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. కోసేది అక్క, తొలిచేది అక్క, నునుపు చేసేది అక్క. నేను కొమ్మలు మోస్తాను. అయినా మోసేవాడు లేకుండా ఏ పని జరుగుతుంది, మీరే చెప్పండి.

దెయ్యాలంటే కూడా నాకు భయం లేదు. ఇదీ అదే రకం మాట.

సరే, ముందు పంపు గది సంగతి.

మా సందు చివర, ప్రహరీ విరిగిన చోట, పాత నీళ్ళ పంపు గది ఒకటుంది. కొత్త ట్యాంకు కట్టాక దాన్ని గాలికి వదిలేశారు. నాలుగు సిమెంటు గోడలు, సిమెంటు నేల, తుప్పు పట్టిన రేకు తలుపు, తల పట్టేంత కిటికీ, బయట ఒక కుళాయి. లోపల మోటారు కూడా లేదు, ఎవరో పట్టుకుపోయారు. మిగిలింది చెడ్డపేరు ఒక్కటే.

ఒకప్పుడు అక్కడ ఓ పంపు ఆపరేటరు పనిచేసేవాడట. ఒక సాయంత్రం డ్యూటీ మార్చుకోవాల్సిన మనిషి రాలేదు. వస్తాడు, వస్తాడని కూర్చున్నాడు... తెల్లారి చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. అప్పట్నుంచి, చీకటి పడ్డాక ఆ పక్కన ఎవరి అడుగు వినపడినా లోపల్నుంచి ఒకటే ప్రశ్న —

"వచ్చావా?"

అవునన్నావా, అంతే సంగతులు. డ్యూటీ నీకు అప్పజెప్పి తను వెళ్ళిపోతాడు.

ఇదంతా మా సందులో ఇస్త్రీ బండి తాత చెప్పాడు. ఆయన చూడలేదు. ఆయనకి చెప్పినవాళ్ళూ చూడలేదు.

చూసింది మా బావ.

బావ సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ రెండు ముక్కలుగా ఉంటుంది, తెల్లవారుజామున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. రాత్రి తొమ్మిదిన్నరకి డిపోలో బండి అప్పజెప్పి, మళ్ళీ నాలుగింటికి లేవాలి. డిపో నుంచి పంపు గది పక్కగా వస్తే ఇల్లు పది నిమిషాలు. పెద్ద రోడ్డు చుట్టి వస్తే ముప్పావుగంట.

అక్క ఆస్పత్రిలో వార్డు నర్సు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను చూసింది తక్కువ, ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకోగా చూసింది ఎక్కువ. "పాలు అయిపోయాయి." "కళ్ళజోడు కనపడలేదు." "నిద్రపో." ఆ చివరి చీటీని ఇద్దరూ ఒకరికొకరు రాసుకునేవాళ్ళు. పాటించేవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో కంటినిండా నిద్రపోయేది నేనొక్కణ్ణే. ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి కదా.

అంత పనిలోనూ అక్క ఒక మాట ఇచ్చి కూర్చుంది. వాళ్ళ ఆస్పత్రి హాస్టల్లో నర్సింగ్ చదివే పిల్లలకి రాత్రిపూట కరెంటు పోతుంటుంది. చిన్న సీసా మూతల్లో కొవ్వొత్తులు నిలబెట్టి చదువుతారు. ఒకమ్మాయి నోట్సు అంటుకుంది, కొంచెంలో జుట్టు తప్పింది. "మీకు ఇరవై నాలుగు స్టాండ్లు నేను చేసిస్తాను" అంది అక్క.

కొమ్మతో చేయడమంటే మనిషి చెయ్యంత కొమ్మని విరిచి, పైన బొక్క పెట్టి, కొవ్వొత్తి గుచ్చడం అనుకున్నాను నేను. అక్క దగ్గర అలా కుదరదు. రాలిన కొమ్మలే తేవాలి, ఆర్నెల్లు అటక మీద ఎండాలి, గోరుతో కొడితే టకటకలాడాలి. అడుగు పీటలాగా నిలబడేట్టు కోయాలి. చేత్తో తోస్తే కదలాలి తప్ప పడకూడదు. కొమ్మని బల్లకి బిగించాకే డ్రిల్లు పట్టాలి, ఒళ్ళో పెట్టుకుని కాదు. బొక్కలో వెడల్పు అంచున్న రేకు కప్పు దించాలి, మంటకీ చెక్కకీ మధ్య. పైన రెండు వేళ్ళ మేర బెరడు ఒలిచేయాలి. వార్నిషు ముట్టుకోకూడదు.

అన్నీ అయ్యాక పరీక్ష. గంటన్నర కాలే పొట్టి కొవ్వొత్తి వెలిగించి, అది తనంతట తను ఆరిపోయేదాకా పక్కనే కూర్చోవాలి. బకెట్లో నీళ్ళు, చేతికందేలా తడి దుప్పటి.

"గంటసేపు బుద్ధిగా ఉన్న కొమ్మ కూడా చివరి పది నిమిషాల్లో మోసం చేస్తుందిరా" అనేది అక్క. "కొవ్వొత్తి కరిగేకొద్దీ మంట చెక్క దగ్గరికి దిగుతుంది. మధ్యలో లేచిపోతే చూసినట్టే కాదు."

ఆ పరీక్ష పని నాకు అప్పగించింది. చూసిన ప్రతి స్టాండుకీ అడుగున పెన్సిల్తో ఒక గీత గీయాలి. వారంలో ఇరవై నాలుగూ గీతలతో సహా అప్పజెప్పాను. అక్క నా తల మీద చెయ్యి వేసి, "ఇదొక్కటి నా నెత్తి మీంచి దించావురా" అంది.

ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాతి వారం, ఒక సోమవారం రాత్రి, బావ పంపు గది దారిలో వస్తున్నాడు. నాకు తర్వాత ఆయన చెప్పిందే చెబుతున్నాను.

కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నాడట. తలెత్తే ఓపిక కూడా లేదు. కిటికీ దాటబోతుంటే కింద నేల మీద పసుప్పచ్చగా ఏదో కదిలింది. చూశాడు.

నాలుగు వెలుగులు... నేల మీద, వరసగా.

వాటి వెనక ఒకటి. నెత్తి మీంచి నేల దాకా తెల్లగా. మొహం లేదు. కదలదు. అంచుల్నించి నీళ్ళు... చుక్క... చుక్క...

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలి కింద ఓ రాయి దొర్లింది.

"వచ్చావా..."

గొట్టంలోంచి వచ్చినట్టు ఉందట ఆ గొంతు. అవునూ కాదూ అనడానికి బావ నోరు ఉండాల్సిన చోట లేదు. పెద్ద రోడ్డు ఎక్కేదాకా పరిగెత్తాడు.

ఆ రోజు నుంచీ చుట్టు దారే. రాత్రి పదింబావుకి ఇల్లు. తిని పడుకునేసరికి పదకొండు దాటేది. అక్క కూడా పది దాకా రావట్లేదు. అడిగితే "వార్డులో జనం ఎక్కువగా ఉన్నారు" అనేది. ఇద్దరూ కంచాల ముందు కూర్చుని అన్నం వైపు చూసేవాళ్ళు. అన్నం వాళ్ళ వైపు చూసేది.

శుక్రవారం పొద్దున బావ సిగ్నల్ దగ్గర బస్సు ఆపాడు. పచ్చ దీపం పడింది. బస్సు కదల్లేదు. కండక్టరు బెల్లు కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, వచ్చి భుజం పట్టి కుదిపాడు. బావ స్టీరింగు రెండు చేతులా పట్టుకుని నిద్రపోతున్నాడు.

డిపోలో పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదట. "ఇంకొక్కసారి ఇలా అయితే బండి ఇవ్వను. కడిగే షెడ్డుకి పంపిస్తాను."

"కడిగే షెడ్డు గురించి కాదురా" అన్నాడు బావ నాతో, చొక్కా కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుని. "ఎర్ర దీపం దగ్గర నిద్రపోయాను కాబట్టి సరిపోయింది. బండి నడుస్తుండగా అయితే? నలభై మంది నా వెనక."

"మరి దగ్గరి దారిన రావచ్చు కదా బావా. అరగంట నిద్ర కలిసొస్తుంది."

అప్పుడు చెప్పాడు, గొంతు తగ్గించి, ఇందాక నేను చెప్పిందంతా. నేను నవ్వాను. చాలాసేపు నవ్వాను.

"నవ్వు, బామ్మర్దీ. రేపు రాత్రి నువ్వే డిపోకొచ్చి నన్ను తీసుకురా."

"వస్తా. దాన్ని కూడా అడుగుదాం, నెలకి ఎన్ని సెలవులిస్తారని."

శనివారం తొమ్మిదీ నలభైకి ఇద్దరం ప్రహరీ విరిగిన చోటికి వచ్చాం. నేను ముందు నడుస్తున్నాను. కొంచెం సేపటికి పక్కన నడుస్తున్నాను. ఆ తర్వాత వెనక నడుస్తున్నాను. దారి ఇరుకు కదా.

కిటికీలో వెలుగు ఉంది.

"బావా..." అన్నాను.

"చూశాను" అన్నాడు.

రేకు తలుపు వారగా తెరిచి ఉంది. లోపల నాలుగు మంటలు. వాటి వెనక తెల్లగా... అచ్చం ఆయన చెప్పినట్టే. తల కొంచెం ముందుకి వాలి ఉంది. ఎక్కడో నీటి చుక్క పడింది. ఒక మంట చిటపటమంది.

నా చెప్పు కింద ఇసుక నలిగింది.

తల లేచింది. మెల్లగా... మెల్లగా...

"వచ్చావా... ఇంక నువ్వు కూర్చో... నాకు ఓపిక లేదు."

నేను బావ చొక్కా పట్టుకున్నాను. పరిగెడదామని లాగాను. ఆయన కదల్లేదు. ఆ వెలుతుర్లో ఆయన మొహం చూశాను. భయం కూడా అలిసిపోయి ఎక్కడో కూలబడినట్టుంది.

"సరే" అన్నాడు బావ, లోపలికి. "కూర్చుంటాను. నాకూ ఓపిక లేదు."

తలుపు తోసుకుని వెళ్ళి, ఆ తెల్లటిదాని పక్కన, నేల మీద చతికిలబడ్డాడు.

తర్వాత ఏమైందో నేను చూడలేదు. అప్పటికి మా ఇంటి గడియ పెట్టేశాను. కుడి కాలి చెప్పు ఎక్కడ పోయిందో తెలీదు.

ఇక్కణ్ణుంచి మళ్ళీ బావ చెప్పిందే.

కూర్చున్నాడట. తెల్లటిది ఒక్క క్షణం అలాగే ఉండి, పక్కకి ఒరిగి, ఆయన భుజం మీద తల పెట్టింది. చల్లగా, తడిగా ఉంది. ఇంతేనా చావంటే అనుకున్నాడట. అప్పుడు వాసన తగిలింది. ఫినాయిలు, సూది వేసే ముందు రాసే మందు... పదకొండేళ్ళుగా తన పక్క దిండుకి ఉండే వాసన.

దుప్పటి అంచు పక్కకి తీశాడు. మా అక్క నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

నిద్రమత్తులో అడుగుల చప్పుడు వినపడితే, వార్డులో డ్యూటీ మార్చుకునే నర్సు వచ్చిందనుకుని మాట్లాడిందట. సోమవారమూ అంతేనట. దోమలకి తడి దుప్పటి నెత్తి మీంచి కప్పుకుంది. స్టాండ్ల పరీక్షకి ఆ గదిని మించింది లేదు మరి, అంటుకోవడానికి ఒక్క గుడ్డ పీలిక లేదు, బయటే కుళాయి.

బావ లేపలేదు. నాలుగు మంటల వైపూ చూస్తూ కూర్చున్నాడు. కొవ్వొత్తులు అడుగంటి, ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయేదాకా రెప్ప వేయలేదట. సిగ్నల్ దగ్గర స్టీరింగు పట్టుకుని నిద్రపోయిన మనిషి.

పదింబావుకి తలుపు తట్టారు. ఎవరని నాలుగుసార్లు అడిగి తీశాను. బావ చేతిలో స్టాండ్ల సంచి. అక్క చేతిలో కుడి కాలి చెప్పు.

"నీదేనా?" అంది.

నాదే అన్నాను.

కంచాల ముందు కూర్చున్నారు. "నా కోసం ముప్పావుగంట చుట్టి వస్తున్నారా రోజూ?" అంది అక్క.

"నీ కోసం కాదు, నీకు భయపడి" అన్నాడు బావ. ఇద్దరూ నవ్వలేక నవ్వారు. తర్వాత బావ నా వైపు తిరిగాడు. "అవునూ, ఆ పరీక్షేదో నువ్వు చేశానన్నావు కదరా?"

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"వాడు చేశాడండీ" అంది అక్క, నేను నోరు తెరిచేలోపు. "నాకే నమ్మకం కుదరక మళ్ళీ చూసుకుంటున్నాను. ఇంట్లో అయితే వాడు చిన్నబుచ్చుకుంటాడని అక్కడికి పోయాను." నా వైపు చూడలేదు. "ఇంకాస్త అన్నం పెట్టు బావకి."

పెట్టాను.

మధ్యలో ఒక రాత్రి అక్కకి కుదరలేదు కాబట్టి ఇంకా నాలుగు స్టాండ్లు మిగిలాయి. మర్నాటి రాత్రి తడి దుప్పటి కప్పుకుని పంపు గదిలో నేను కూర్చున్నాను. బావ దగ్గరి దారిన వస్తూ కిటికీలోంచి "నేనొచ్చాలే, భయపడకు" అని ముందే అరిచాడు. ఇరవై నాలుగింటిలో మూడు పనికిరాలేదు. అక్క వాటికి ఇంకా వెడల్పు కప్పులు దించి మళ్ళీ కాల్చి చూసింది. హాస్టలుకి పంపాం. బావ ఇంకా బస్సే నడుపుతున్నాడు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, చెప్పు సంగతి ఒక్కటి వదిలేసి. ఇంకొకటి కూడా వదిలేసేవాణ్ణి.

నేను పరీక్షించింది ఒకే ఒక్క స్టాండు. అదీ ఇరవై నిమిషాలు. టీవీలో మ్యాచి వస్తుంటే ఊదేసి వెళ్ళిపోయాను. మిగతా ఇరవై మూడు గీతలూ ఆట మధ్య విరామంలో గీశాను.

ఆ సోమవారానికి ముందు రోజు వంటింట్లో కరెంటు పోతే అక్క వాటిలో ఒకటి వెలిగించింది. గంట దాటాక అంచు నల్లబడి పొగ వచ్చింది. నీళ్ళు పోసి ఆర్పి, తిరగేసి అడుగు చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. మర్నాడు డ్యూటీకి వెళ్తూ నాలుగు స్టాండ్లు సంచిలో వేసుకుంది.

దాని బదులు అక్క ఇంకొకటి చేసింది, ఆ కాలిన స్టాండు ఇప్పటికీ మా కిటికీలో ఉంది. అడుగున నా గీత ఉంది, తిన్నగా, ఎక్కడా వణకకుండా. గీతలు గీయడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు నిజంగానే లేడు.