వెనకబడ్డ ఇద్దరు

"ఏమండీ, ఇందాకట్నుంచి చూస్తున్నాను. నా వెనకే వస్తున్నారేంటి?"

అతను ఆగిపోయాడు. ఆమె కూడా ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని అతని వైపు తిరిగింది. సన్నగా తుంపర పడుతోంది. పరుగుకొచ్చిన మిగతా మూడొందల మందీ మలుపు తిరిగి ఎప్పుడో వెళ్ళిపోయారు. తడి రోడ్డు మీద వాళ్ళిద్దరే మిగిలారు.

"మీ వెనక కాదండీ, అందరి వెనకా. నా పనే అది."

వెనక్కి తిరిగి, తను వేసుకున్న నారింజ రంగు జాకెట్టు వీపు చూపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఆఖరి మనిషి' అని రాసి ఉంది.

ఆ ఊళ్ళో టీనేజ్ పిల్లల కోసం ఒక సెంటర్ ఉంది. ఇంట్లో ఉండబుద్ధి కాని సాయంత్రాలు అక్కడికొచ్చి చదువుకోవచ్చు, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడుకోవచ్చు. దాని కోసం ఏటా ఒక ఆదివారం పొద్దున అయిదు కిలోమీటర్ల పరుగు పెడతారు. పరుగెత్తలేనివాళ్ళు నడవచ్చు. దారిలో ఎవరూ ఒంటరిగా ఉండిపోకుండా అందరికన్నా వెనక ఒక వాలంటీరు రావాలి. ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఇతను, ఆదివారమంతా గదిలో గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా అదే నయమనుకుని ఒప్పుకున్నాడు.

"అంటే అందరికన్నా ఆఖరున ఉన్నది నేనన్నమాట," అంది ఆమె.

"మీ తర్వాత నేనున్నానుగా."

ఆమె నవ్వు ఆపుకోబోయింది గానీ కుదరలేదు. "సరే, వెనక ఉంటే నాకు కంగారుగా ఉంది. పక్కకొచ్చి నడవండి."

అతను పక్కకొచ్చాడు. ఆమె కుడికాలు కాస్త ఈడుస్తోంది.

"కాలు నొప్పిగా ఉన్నట్టుంది. ఈ ఏడాదికి మానెయ్యాల్సిందండీ."

"స్కూటర్ మీంచి పడి రెణ్ణెల్లయింది. మోకాలు ఇంకా సరిగ్గా మడవదు." ఒక నీళ్ళగుంట తప్పించుకుని నడిచింది. "నాకు పదిహేనేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నాన్న మాట్లాడటమే మానేశారు. ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆ సెంటర్లోనే ఉన్నాను. 'తిన్నావా' అని అడగడానికి అక్కడి మేడం ఒక్కరే ఉండేవారు. అందుకే మానను. ఇదివరకు నలుగురం స్నేహితులం కలిసి వచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళనీ ఉద్యోగాలనీ తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఈసారి నేనొక్కదాన్నే."

అతను అడుగు ఇంకాస్త నెమ్మది చేశాడు.

"మీరేం చేస్తారు?" అంది ఆమే.

"కళ్ళు టెస్ట్ చేస్తాను. రోజంతా జనం నా ఎదురుగానే కూర్చుంటారు. కానీ వాళ్ళు చూసేది నా వెనక గోడ మీదున్న అక్షరాల్ని."

"మీరే నయం. నేను ల్యాబ్‌లో రక్తం తీస్తాను. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళు మొహమే తిప్పేసుకుంటారు."

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత మాటలకి కొదవ లేకపోయింది.

వాళ్ళు చేరేసరికి ముగింపు గేటు విప్పేస్తున్నారు. మేడం మాత్రం పదిమంది పిల్లల్ని పక్కన పెట్టుకుని వానలో నిలబడే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం ఆమెని దగ్గరికి తీసుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ అతని వైపు తిరిగింది.

"థాంక్సండీ. మీరు లేకపోతే మధ్యలోనే కూలబడేదాన్ని."

అతను చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. "దాందేముందండీ, డ్యూటీయేగా."

ఆమె మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది. "అవును కదా," అంది మెల్లగా. అతను జాకెట్టు అప్పగించి వచ్చేసరికి ఆమె ఎక్కిన బస్సు కదిలిపోయింది.

ఆ వారం అతనికి గది మరీ ఇరుకైపోయింది. షాపులో ఎవరు గుమ్మం తొక్కినా తలెత్తి చూశాడు.

ఆదివారం అక్క ఫోన్ చేస్తే ఉన్నదంతా చెప్పాడు.

"పేరేంటిరా?"

"అడగలేదు."

"ఫోన్ నంబరు?"

"అడగలేదక్కా. మేడంని అడిగితే ఇవ్వకూడదన్నారు."

"అయిదు కిలోమీటర్లు నోట్లో ఏం పెట్టుకుని నడిచావురా? ఊళ్ళో ల్యాబులు ఎన్నున్నాయో వెతుక్కో. కాళ్ళున్నాయిగా."

ల్యాబులు నాలుగున్నాయి. లోపలికెళ్ళి 'ఇక్కడ ఒకమ్మాయి పనిచేస్తుందా' అని అడగడానికి మొహం చెల్లలేదు. అందుకని వెళ్ళిన చోటల్లా షుగర్ టెస్టని చెయ్యి చాపాడు. మూడు చోట్లా అంతా బాగుందని రాసిచ్చారు.

నాలుగో చోట, "చొక్కా చెయ్యి పైకి మడవండి," అని వినపడగానే గొంతు గుర్తుపట్టాడు.

ఆమె తలెత్తకుండానే అతని చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. "ఇదేంటి, మూడు చోట్ల పొడిచారు? ఏం జబ్బు మీకు?" అని తలెత్తింది.

"జబ్బేం లేదండీ. మీరు ఏ ల్యాబ్‌లో ఉంటారో తెలీక."

ఆమె ఆ మూడు గుర్తుల్నీ మళ్ళీ చూసింది. "ఇది కూడా డ్యూటీయేనా?" అంది.

"ఆ రోజు మీకో మాట చెప్పలేదు. సగం దారిలో, నడవలేనివాళ్ళని తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్ నాకు ఫోన్ చేశాడు, మిమ్మల్ని ఎక్కించుకుంటానని. అక్కర్లేదన్నాను."

"ఎందుకు?"

"మీరు ఎక్కేస్తే మాటలు ఆగిపోతాయని."

"నా మోకాలు వారంరోజులు వాచిపోయింది, తెలుసా?"

"తప్పేనండీ."

"తప్పే." సూది ట్రేలో పెట్టేసింది. "ఆ రోజు ఇంటికెళ్ళి తలుపు తీస్తే, ఎప్పుడూ ఉండే నిశ్శబ్దమే. కానీ భరించలేకపోయాను. అంతా మీవల్లేనని కోపమొచ్చింది."

"నాక్కూడా. నా మీద నాకే."

బయట ఎవరో దగ్గారు. ఆమె సర్దుకుని కూర్చుంది. "ఇంకో ఇద్దరున్నారు. ఆ తర్వాత నాకు భోజనం టైము. బెంచీ మీద కూర్చోండి, వెళ్ళిపోకండి."

అతను కూర్చున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయాక ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ముందు మీ పేరు చెప్పండి," అంది.

చెప్పాడు. ఆమె ఆ పేరుని ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకుంది. షాపులో అతన్ని అందరూ 'ఏమండీ' అంటారు, అక్క 'ఒరేయ్' అంటుంది. తన పేరు ఇంకొకరి నోట విని ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

"ఇంకోసారి అనండి," అన్నాడు.