మైనా షెడ్డులో తట్టుడు

చీకటి పడ్డాక మైనా షెడ్డు పక్క సందులోంచి ఎవరూ నడిచేవారు కారు. నడవక తప్పనివాళ్లు గట్టిగా దగ్గుకుంటూ వెళ్లేవారు, దగ్గు వింటే దెయ్యం దారి వదులుతుందన్నట్టు! తాళం వేసిన షెడ్డు లోపల్నుంచి ఒక మగగొంతు అడిగేదట... "వినబడుతోందా?" ఆ వెంటనే గోడ మీద ఎవరో తట్టేవారట.

టక్.

మైనా అంటే పిట్ట కాదు, రేడియో. ఈ కాలంవాళ్లకి అది చెప్పకపోతే కథ ముందుకు సాగదు. షెడ్డు కట్టినాయన్ని అందరూ రేడియో ఆయన అనేవారు. మొదట్లో ఇంటి వరండాలో పాత సెట్లు బాగుచేసేవాడు. వాటి కడుపులు విప్పి చూసీ చూసీ, "వీటిని మనమే ఎందుకు చెయ్యకూడదూ?" అన్నాడు. పెరట్లో షెడ్డు లేచింది. వడ్రంగి టేకుపెట్టెలు చేసేవాడు. ఆడవాళ్లు వరసగా కూర్చుని వెంట్రుకలంత రాగితీగ చుట్టేవారు. షెడ్డంతా కరిగిన సీసం వాసన. సెట్టు బరువు చూసి, "మైనా అని పేరెందుకు పెట్టారో, ఏనుగు అనాల్సింది" అని జనం ఎకసెక్కాలాడినా, కొన్నవాళ్లు మాత్రం దాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకుని వెళ్లేవారు.

ఆయనకో పట్టింపు ఉండేది. రాత్రి స్టేషన్ మూగబోయాక కూడా పరీక్ష ఆగకూడదు. అందుకని వెనక గదిలో ఒక బుల్లి ప్రసార యంత్రం పెట్టాడు. దాని కూత షెడ్డూ ఇల్లూ దాటేది కాదు లెండి. ఆయన మైకులో "వినబడుతోందా?" అంటే, ముందు గదిలో కొత్త సెట్టు దగ్గర కూర్చున్న తమ్ముడు మధ్యగోడ మీద తట్టాలి. ఒక్కసారి తడితే స్పష్టం. రెండుసార్లు తడితే బొంగురు. ఆ తట్టు పడందే ఏ మైనా గడప దాటేది కాదు. తట్టు కూడా మైకులో పడి ఇంట్లో సెట్టులో వినిపించేది. అది ఆగిందంటే మొగుడు భోజనానికి వస్తున్నాడని ఆయన భార్య కంచం పెట్టేది.

చివరి రోజుల్లో గొంతు ఆపరేషనై ఆయనకి మాట పోయింది. అన్నదమ్ములు కుర్చీలు మార్చుకున్నారు. తమ్ముడు మైకు దగ్గరికి, అన్న గోడ దగ్గరికి. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉండేవి గనక బయటివాళ్లకి ఆ తేడా తెలియలేదు.

తర్వాత చౌకరకం జేబురేడియోలు వచ్చిపడ్డాయి. మైనా మూతపడింది. ఆ వెనకే ఆయనా పోయాడు.

ఎక్కడున్నాం? ఆఁ... దెయ్యం దగ్గర.

ఆయన భార్య తుంటి విరిగి మంచం పట్టింది. తలదగ్గర ఆఖరి మైనా. రాత్రయితే అది "వినబడుతోందా?" అనేది. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. ఓ పొద్దున కొడుక్కి వొళ్లు మండింది.

"షెడ్డులో దెయ్యం... ఇంట్లో దాని కచేరీ! రేపు పొద్దున్నే షెడ్డు కూలగొట్టిస్తా. ఆ పెట్టె కూడా చెత్తలోకే!"

"అయితే నా మంచం కూడా పారేయించరా," అంది తల్లి. ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాతి పూటా ముట్టలేదు.

ముట్టని కంచం చేత్తో పట్టుకుని కోడలు వంటింట్లో చాలాసేపు నిలబడిపోయింది. పెరట్లో బట్టలు తియ్యడానికి కూడా తోడు కావాల్సిన మనిషి. కానీ తెల్లారితే గునపాలు వస్తాయి. ఈలోగా లోపల ఏముందో తేలకపోతే అత్తగారు దక్కేలా లేదు. దెయ్యమే అయితే దాంతోనే మాట్లాడుకోవాలి. మొగుడితో మాట్లాడి లాభం లేదని తేలిపోయిందిగా!

టార్చి తీసుకుంది. షెడ్డు ముందు తలుపు తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుకే ఉంటుంది. తీసింది... తుప్పు పట్టిన గడియ మూలిగింది.

ముందు గదిలో బల్లలు. ఒక విరిగిన కుర్చీ. బల్లల కింద, మూలల్లో, తలుపు వెనక టార్చి వేసి చూసింది. ఎవరూ లేరు. నేలమీద దుమ్ము... ఆ దుమ్మును ఎవరూ తొక్కలేదు.

"వినబడుతోందా...?"

గోడ అవతల్నుంచి! మధ్య తలుపు కింద సన్నని వెలుతురు. నెట్టింది —

మైకు ముందు చిన్నమామగారు.

"చిన్నమామయ్యా! మీరా!"

"ష్... గుండె ఆగేలా చేశావు కదమ్మా!" ఆయన మైకుని అరచేత్తో మూశాడు. "అన్నయ్య పోయాక వదినకి నిద్ర లేదు. ఓ రాత్రి ఊరికే ఇక్కడ కూచుని పిలిచాను. అది ఆమె సెట్టులో వినిపించిందట. హాయిగా నిద్రపట్టిందని మర్నాడు చెప్పింది. అప్పట్నుంచీ వెనక సందు తలుపులోంచి వచ్చిపోతున్నా."

"మీ అన్నగారబ్బాయి మిమ్మల్ని దెయ్యమనుకుని షెడ్డు కూలగొట్టిస్తున్నారు!"

"నా మొహానికి అంత గౌరవమా!"

ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతోబాటు ఏడుపూ వచ్చింది. ఆయన నెమ్మదిగా అన్నాడు, "నువ్వు తోడున్నావనే నా ధైర్యం."

"నేనా?"

"రోజూ ముందు గదిలోంచి తట్టేది నువ్వే కదమ్మా... తాళంచెవి నీ దగ్గరేగా."

"నేనీ షెడ్డులో అడుగుపెట్టడం ఇదే మొదలు మామయ్యా..."

ఆయన చెయ్యి మైకు మీంచి జారింది.

టక్... టక్.

ఇద్దరూ గోడకేసి చూశారు. రెండుసార్లు. అంటే బొంగురు... పాత అలవాటు కాబోలు, ఆయన వేళ్లు యంత్రం మర తిప్పాయి.

"వి... వినబడుతోందా?"

టక్.

ఆమె ముందు గదిలోకి వెళ్లలేదు. వెనక సందులోంచి పడుతూ లేస్తూ ఇంట్లోకొచ్చి పడింది. అత్తగారు మేలుకునే ఉంది.

"షెడ్డు కూలనివ్వను అత్తయ్యా. ఆయనకి నేను చెబుతాను."

"అయితే అన్నం పట్టుకురా అమ్మాయ్. ఆకలేస్తోంది."

కంచం తెచ్చింది. కానీ ఆమె కడుపులో మాట ఆగలేదు.

"అత్తయ్యా... ఆ గొంతు మామయ్యగారిది కాదు. చిన్నమామయ్యది."

"ఇన్నేళ్లు విన్నాను, మరిది గొంతు పోల్చుకోలేనా?" ముసలావిడ ముద్ద కలుపుతూ నవ్వింది. "నేను వినేది గొంతు కాదే పిచ్చిపిల్లా."

ఎడంచేతి వేలు మడిచి, మంచంపట్టె మీద మెల్లగా తట్టింది.

"మీ మామగారికి మాటెక్కడిది?"