ఊట మీద గుర్రపుశాల

కేతనగిరి రాజు భీమరథుడితో వేగడం ఎంత కష్టమో ఆయన కూతురు హేలావతిని అడగాలి. ఆయన కోపిష్ఠి కాదు, పిసినారి అంతకన్నా కాదు. ఉన్న లోపమల్లా ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క తప్పు కూడా చేయలేదు. పాయసంలో ఉప్పు వేసుకుంటే అది ఉప్పుగిన్నె తప్పు, వేటలో దారి తప్పితే అది దారి తప్పు. గిన్నెలూ దారులూ నోరు విప్పి ఒప్పుకోవు గనక, రాజుగారి తప్పులన్నీ తనవేనని చెప్పడానికి విరూపయ్య అనే మంత్రిని కొలువులో పెట్టుకున్నారు. పాపం, ఆయనకు ఊపిరి సలిపేది కాదు.

ఆ ఏడు రాజధాని దుమ్ముకు రాజుగారికి దగ్గు పట్టుకుంది. పల్లె గాలి పీల్చమన్నారు వైద్యులు. అడవి అంచున పచ్చిక బయలులో కొత్త ఇల్లు కట్టించి, మేలుజాతి గుర్రాలతో సహా కుటుంబమంతా తరలివచ్చింది. గుర్రాలన్నిటిలోకీ హేలావతికి ప్రాణం గోరింట. ఆ ఎర్ర గుర్రం కొత్త చోటికి రాగానే ఈనింది కూడా. పొడుగు కాళ్ళ పిల్ల తడబడుతూ నడుస్తుంటే హేలావతి అన్నం మాట మరిచిపోయేది.

ఒక ఉదయం గుర్రపుశాలలో ఏ గుర్రమూ కదల్లేదు. వాటి గిట్టలు కింది బండలకు అతుక్కుపోయి రాళ్ళయ్యాయి. మర్నాటికి మోకాళ్ళూ రాళ్ళే. ఆ మర్నాడు గోరింట పొదుగు చల్లటి రాయి అయింది. పిల్ల మూతితో దాన్ని పొడిచి పొడిచి, అర్థంకాక తల్లి ముఖంలోకి చూసింది. ఆవుపాలు పడితే ముఖం తిప్పేసుకుంది.

"బద్ధకం. ఎండ తగిలితే అవే కదులుతాయి," అన్నారు రాజుగారు.

హేలావతి ఇంక ఆగలేదు. మంత్రాల మర్మం తెలిసిన ముని అడవి నడుమ ఉన్నాడని విని, తిత్తి నిండా నీళ్ళు పోసుకుని బయలుదేరింది. అడవిలోకి ఎండిపోయిన వాగు ఒక్కటే దారి.

కొంత దూరం పోయాక బండరాయంత రాక్షసి అడ్డం పడుకుని ఉంది.

"నిన్ను తినేదాన్నే పిల్లా! కానీ నాలుక పిడచగట్టుకుపోయింది. మింగుడు పడవు," అంది బొంగురుగొంతుతో.

"ముందు గొంతు తడుపుకో. తినే మాట తర్వాత చూద్దాం," అంటూ హేలావతి తిత్తి అందించింది. రాక్షసి సగం తాగి, సిగ్గుపడుతూ పక్కకు జరిగింది.

ఆ పైన మడుగు ఉండవలసిన చోట నెర్రెలిచ్చిన బురదలో ఒక ముసలి మొసలి కళ్ళు మూసుకుని ఉంది. హేలావతి మిగిలిన నీళ్ళు దాని కళ్ళ మీద పోసింది.

"చల్లగా ఉండు తల్లీ," అంది మొసలి. "పచ్చిక బయల్లో ఊట ఉండేది. మా అందరికీ అదే ఆధారం. ఎవరో మూసేశారు."

ఇల్లు కట్టేటప్పుడు అక్కడ బుడబుడమంటూ నీరు ఉబికిన సంగతి హేలావతికి తెలుసు. గిట్టలకు బురద అంటకూడదని దాని మీద బండలు పరిపించి, గుర్రపుశాల లేపింది ఎవరో కూడా తెలుసు.

ముని ఆమెను చూస్తూనే అడిగాడు. "ఊటను మూసిందెవరు?"

తాపీవాళ్ళని చెబుదామా అనుకుంది. విరూపయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "మా నాన్నగారు," అంది తలవంచుకుని.

"నీరిచ్చే నోటిని రాయితో మూస్తే ఆ రాయి ఊరుకోదమ్మా. ఇవాళ గుర్రాలు, రేపు మనుషులు. మూయించినవాడే ఆ బండల మీద నిలబడి, అందరూ వినేలా తప్పు ఒప్పుకోవాలి. వేరే దారి లేదు."

హేలావతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "సముద్రాలు దాటి మాణిక్యం తెమ్మంటే తెచ్చేదాన్ని కదా స్వామీ!"

తిరుగుదారిలో రాక్షసి ఆమెను భుజం మీదికి ఎత్తుకుంది. "తినడానికి కాదులే, తొందరగా చేరడానికి," అంది.

అప్పటికే గోరింట మెడదాకా రాయి. పిల్ల నేల మీద వాలిపోతే రాణి సునంద దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. హేలావతి చెప్పిందంతా విని రాజుగారు చిటిక వేశారు. విరూపయ్య అలవాటుగా బండల మీదికెక్కి, "తప్పు నాదే!" అని గొంతెత్తాడు. ఏమీ జరగలేదు. గోరింట దవడ కూడా బిగుసుకుంది.

"నాన్నగారూ, పిల్ల ఊపిరి చూడండి," అంది హేలావతి.

రాజుగారు చూశారు. నెమ్మదిగా బండల మీదికి వచ్చారు. "ఎక్కడో పొరపాటు జరిగింది," అన్నారు. బండలు ఉలకలేదు. "నేను చెప్పింది పనివాళ్ళకు సరిగ్గా అర్థమై ఉండదు," అన్నారు. గోరింట ఒక కన్ను రాయి అయిపోయింది. రెండో కన్ను పిల్లనే చూస్తోంది.

రాజుగారు గోరింట మెడ మీద చెయ్యి వేశారు. "నాది..." అన్నారు. "తప్పు నాది."

కాళ్ళ కింద బండ పెళ్ళున పగిలింది. నీరు చిమ్మింది. అది తాకినచోటల్లా రాయి మెత్తబడి, చర్మమై, చెమర్చింది. గుర్రాలన్నీ ఒక్కసారిగా సకిలించాయి. గోరింట ముందుకు తూలి పిల్లను నాకింది. అది లేచి, తడుముకుంటూ పొదుగు అందుకుంది. బయట దడి అవతల రాక్షసి దోసిళ్ళతో తాగుతున్న చప్పుడు.

రాణి సునంద చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ లేచింది. వంటింట్లో పిల్లి అడుగేస్తే పడకగదిలో మేలుకునే మనిషి ఆవిడ.

"నీళ్ళ హోరులో సరిగ్గా వినపడలేదండీ," అంది. "ఏమన్నారు?"

చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, రాజుగారు భార్య వంకా, కూతురి వంకా, దడి మీదుగా తొంగిచూస్తున్న రాక్షసి వంకా చూశారు. ఈసారి అడవిదాకా వినిపించేలా గొంతెత్తారు.

"ఊటను మూయించింది నేను. నేనే తప్పు చేశాను!"