ఎలోదియా వంతు

పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుతున్నాయి. అంతకన్నా ఎక్కువగా ఎలోదియా ఒళ్ళు మండుతోంది. సోమవారం ఓహాకా నగరంలో జడ్జిగా చేరవలసిన మనిషిని, నిన్న ఊరి సభ చేతులెత్తి తోపిల్‌గా ఎన్నుకుంది. తోపిల్ అంటే చావడి ఊడవాలి, కబుర్లు మోయాలి, తాగి తూలేవాణ్ణి గదిలో వేసి కాపలా కాయాలి. ఏడాదిపాటు, జీతం భత్యం లేకుండా. కాదంటే ఊళ్ళో పేరు కొట్టేస్తారు. నీళ్ళ వంతు ఉండదు, ఆఖరికి తల్లి పక్కన సమాధికి చోటూ ఉండదు.

"చెప్పులరిగేలా కోర్టుల చుట్టూ తిరిగి ఇంతదాకా వచ్చాను. చీపురు పట్టడానికా అన్నయ్యా?"

సెవెరో రొట్టె తుంచి కాఫీలో ముంచుకున్నాడు. "ఊరి కట్టుబాటే అది. డాక్టరైనా పట్టాల్సిందే."

"మన అడవి కేసు గెలిపించిందెవరు? అది ఊరి సేవ కాదూ?"

"దానికి మూడు సీమకోళ్ళు ఇచ్చారు కదే. పుచ్చుకున్నావుగా!"

కేసు గెలిచిన రోజు బాకాలూ డోళ్ళతో ఎదురొచ్చిన జనమే నిన్న చేతులెత్తారు. ఆనాడు ఆ చప్పుడుకి పొంగిపోయినందుకు ఎలోదియాకు తన మీద తనకే కోపం వచ్చింది.

"అయితే నా బదులు నువ్వే చెయ్యి. తోటలో కాఫీ కూడా లేదాయె, నీకేం పని?"

సెవెరో తల దించుకున్నాడు. "సరేలే, నేనే వెళ్తాను."

అంతవరకూ పొయ్యి దగ్గర కూర్చున్న అతని భార్య తోమాసా దిగ్గున లేచింది.

"సరే ఏమిటి, సరే! మూడోసారా?"

"నువ్వు ఊరుకో."

"ఊరుకుని ఊరుకుని ఇలా తయారయ్యాం! విను ఎలోదియా. నువ్వు లా చదివేటప్పుడు ఓసారి, ఆఫీసు తెరిచిన ఏడు ఇంకోసారి నీ పేరు పిలిచారు. రెండుసార్లూ నీ బదులు మీ అన్నే చేశాడు. తన వంతులు వేరే! ఆ రెండోసారి కాఫీకి తెగులు పట్టిందన్నామే, తెగులూ లేదు, గిగులూ లేదు. కోసే మనిషి చావడిలో ఉంటే పండంతా నేలపాలైంది, చూసే దిక్కులేక మొక్కలూ ఎండిపోయాయి."

ఆ ఏడు ఫోన్లో, మొక్కలకు మందు కొట్టడం కూడా చేతకాదా అని ఎలోదియా అన్నను నానా మాటలూ అంది. అతను అన్నీ విని, "అవునే తల్లీ, చేతకాలేదు" అన్నాడు.

ఆమె ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది. కోర్టువాళ్ళను ఒక్క ఏడాది గడువడిగింది. కుదరదన్నారు, జాబితాలో తర్వాతి పేరు పిలుస్తామన్నారు. కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది.

"ఉద్యోగం పోయింది. చావడికి నేనే వెళ్తాను."

"పిచ్చిదానా! నేను చేస్తానన్నానుగా!" అన్నాడు సెవెరో. "ఊరి మీద అంత కోపమైతే ఎందుకే వెళ్ళడం..."

"ఊరి మీద కూడా ఉంది. అంతకన్నా నీ మీద ఉంది. నా వంతు నువ్వు మోస్తూ, నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

సెవెరో చెల్లెలి మొహంలోకి చూశాడు.

"చెప్తే చదివేదానివా?"

ఎలోదియా అన్న భుజం మీద తలపెట్టి బావురుమంది.