ఎన్నిసార్లు కడిగినా...

"ప్రిస్సీ! చాలమ్మా... చాలు! ఇంక కడక్కే తల్లీ!"

బాలకుమారి పరుగున వచ్చి కుళాయి కట్టేసింది. ఆరేళ్ల కూతురి చేతులు ఎర్రగా ఒరుసుకుపోయి, వేళ్ల సందుల్లో పగుళ్లు వేశాయి. పొద్దుటి నుంచి ఇది పదోసారో, పన్నెండోసారో!

"మమ్మీ, అబ్ సాఫ్ హో గయే?" శుభ్రమయ్యాయా అంటూ రెండు చేతులూ చాపింది ప్రిస్సీ. హిందీ ఊరైన బారిడీహ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తల్లి తెలుగుకు హిందీలోనే జవాబిస్తుంది.

ప్రిస్సీ తమ్ముడు పోయి పద్దెనిమిది రోజులు! రెండు నెలల పసిగుడ్డు... మామూలు జలుబేగా అనుకున్నారు. మూడో రోజుకు డొక్కలెగరేశాడు. ఆస్పత్రికి చేర్చినా దక్కలేదు. సమాధుల తోట నుంచి వచ్చిన రోజు, ఆ కడుపుకోతలో బాలకుమారి ఒళ్లు తెలియక కూతురి మీద విరుచుకుపడింది. "చేతులు కడక్కుండా వాణ్ణి ముట్టుకున్నావు... నీ జలుబే వాణ్ణి మింగేసింది!" కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోగలమా!

అత్తగారు కొబ్బరినూనె తెచ్చి మనవరాలి చేతులకు రాసింది. పిల్ల గదిలోకి వెళ్లాక కోడలి పక్కన కూలబడింది.

"కుమారీ... దేవుడెదట అబద్దమాడను. ముందు జలుబు సేసింది నీకేనే! ఆ వారమంతా కొంగుతో ముక్కు తుడుసుకునీదానివి. దాని సేతులు సబ్బెట్టి కడిగి, మల్లీ ఆ కొంగుతోనే తుడిసీదానివి. నానూ సూత్తానే ఉన్నానమ్మా... నాకూ తెలీనేదు!"

బాలకుమారి నిర్ఘాంతపోయింది. ఇరవై అంకెలు లెక్కపెడుతూ చేతులు రుద్దుకోమని నేర్పింది తనే. పిల్లను ఎంత శుభ్రంగా పెంచుతోందో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే మురిసిపోయిందీ తనే! అయ్యో... అన్నిటినీ అనుమానించింది, తన కొంగును తప్ప!

ఏడుస్తూ వెళ్లి కూతురి ముందు మోకరిల్లింది.

"నీ తప్పేటీ నేదమ్మా! ఆ జలుబు నాది... నా కొంగు నించే నీకంటింది. తమ్ముడికి కూడా నా నించే అంటుకునుంటాది. అమ్మదే తప్పు తల్లీ, నీది కాదు!"

ప్రిస్సీ ఏడవలేదు, కోప్పడలేదు. ఆ చిట్లిన వేళ్లతో తల్లి చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరకు నడిపించింది.

"లావో మమ్మీ, మై ధో దేతీ హూ..." ఇటివ్వు, నేను కడుగుతానంటూ తల్లి చేతులకు సబ్బు రాసి, నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టసాగింది. ఇరవై దాటింది. నలభై దాటింది. బాలకుమారి చేతులు వెనక్కి తీసుకోలేదు.